ల్యాన్ స్విచ్ చిప్ ఎంపికలో ఏది ముఖ్యం: బ్యాండ్‌విడ్తా, ఆన్ రెసిస్టెన్సా?

డాక్_బోర్డు:
మా ల్యాప్‌టాప్ బోర్డు మీద ఈథర్‌నెట్ ఫై చిప్ (లైను మీద సంకేతాలు పంపి, అందుకునేది) ఒక్కటే ఉంది. దాని నాలుగు జతల లైన్లను ల్యాప్‌టాప్ జాక్‌కో, డాక్‌కో మళ్లించే స్విచ్ చిప్ కావాలి. వేగం 1000బేస్-టి, అంటే గిగాబిట్. రెండు చిప్‌లు మిగిలాయి. మొదటిదాని ఆన్ రెసిస్టెన్స్ (స్విచ్ ఆన్‌లో ఉన్నప్పటి నిరోధం) 4 ఓమ్‌లు, ఆన్ కెపాసిటెన్స్ 8 పికోఫారడ్‌లు, బ్యాండ్‌విడ్త్ 800 మెగాహెర్ట్జ్. రెండోదానివి 8 ఓమ్‌లు, 4 పికోఫారడ్‌లు, 1.5 గిగాహెర్ట్జ్. రెండూ 3.3 వోల్ట్‌ల మీద నడుస్తాయి. ఏది మంచిది?

లేఅవుట్_బల్ల:
సందేహం అక్కర్లేదు, రెండోదే. 8 పికోఫారడ్‌లంటే జత మధ్య 4 పికోఫారడ్‌లు పడినట్టు. 100 ఓమ్‌ల లైను మీద 100 మెగాహెర్ట్జ్ వద్ద రిటర్న్ లాస్ (వెనక్కి ప్రతిఫలించే సంకేతం ఎంత తగ్గి ఉందో చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది) 18 డెసిబెల్‌లకు దిగుతుంది. రెండో చిప్‌తో అదే 24 ఉంటుంది. అక్కడ ఈథర్‌నెట్ ప్రమాణం అడిగేది సుమారు 8 డెసిబెల్‌లే, నిజమే. కానీ ఆ లెక్కలో ట్రాన్స్‌ఫార్మర్, కనెక్టర్, డాక్ దాకా వెళ్లే ట్రేసులు అన్నీ వాటా అడుగుతాయి. పైగా రేపు 2.5 గిగాబిట్‌కు మారితే ఒక్కో జత మీద 200 మెగాబాడ్, అంటే సెకనుకు 20 కోట్ల సంకేతాలు. అప్పుడు ఈ మిగులే ఆదుకుంటుంది.

ఓమ్_లెక్క:
నేను ఒప్పుకోను. అడిగింది 1000బేస్-టి గురించి. ఒక్కో జత మీద 125 మెగాబాడ్, అయిదు స్థాయిల సంకేతం. దానికి 800 మెగాహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది. డేటాషీట్ మొదటి పేజీలోని పెద్ద అంకెను చూసి చిప్ కొనే అలవాటు మనం మానుకోవాలి.

ఇక్కడ ఒకే జత మీద రెండు వైపుల నుంచీ సంకేతాలు ఒకేసారి వెళ్తాయి. మన ట్రాన్స్‌మిటర్ పంపేది ముప్పావు వోల్టు. 100 మీటర్ల క్యాట్ 5ఇ కేబుల్ దాటి వచ్చే సంకేతం 100 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 22 డెసిబెల్‌లు తగ్గి, పన్నెండో వంతుకు పడిపోతుంది. మన సొంత ప్రతిధ్వనిని తీసేస్తేగానీ అది వినబడదు. లైను మీద పుట్టే మామూలు ప్రతిఫలనాన్ని ఎకో క్యాన్సెలర్ నేర్చుకుని తీసేస్తుంది. అది సరళ (లీనియర్) ఫిల్టర్ కనుక వక్రీకరణను మాత్రం తీయలేదు. స్విచ్ రెసిస్టెన్స్ సంకేతం ఎత్తును బట్టి మారితే పుట్టేది సరిగ్గా ఆ వక్రీకరణే. కాబట్టి చూడవలసింది ఆన్ రెసిస్టెన్స్ ఫ్లాట్‌నెస్, అంటే సంకేతం ఎత్తును బట్టి రెసిస్టెన్స్ ఎంత మారుతుందన్నది.

రెండో చిప్‌లో ఒక్కో లైనుకు 1 ఓమ్ మారిందనుకోండి. జతకు 2 ఓమ్‌లు. మూలం, లోడు చెరో 100, స్విచ్ 16 కలిపి 216 ఓమ్‌లు; అందులో 2 అంటే 0.9 శాతం, అంటే దాదాపు 7 మిల్లీవోల్ట్‌లు. ట్రాన్స్‌మిటర్ వక్రీకరణకు ప్రమాణం ఇచ్చే మొత్తం హద్దే 10 మిల్లీవోల్ట్‌లు.

పాత_ల్యాబ్:
ఓమ్_లెక్క గారూ, ఎకో క్యాన్సెలర్ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. లెక్కలో ఒక సంగతి వదిలేశారు. జతలో ఒక లైను వోల్టేజ్ పెరిగినప్పుడు రెండోదానిలో తగ్గుతుంది. ఒకచోట పెరిగిన రెసిస్టెన్స్ మరోచోట తగ్గి, చాలావరకు కొట్టుకుపోతుంది. మిగిలేది వోల్టేజ్‌తో రెసిస్టెన్స్ మారే గీతలోని వంపు మాత్రమే. అందుకని 7 మిల్లీవోల్ట్‌లంటే అతిగా భయపెట్టడమే.

ఓమ్_లెక్క:
వంపు ఎక్కడ ఎక్కువో చూడండి. సాధారణ ఎన్‌-మాస్ స్విచ్‌లో లైను వోల్టేజ్ సరఫరాను సమీపించేకొద్దీ గేటు బలం తగ్గి, రెసిస్టెన్స్ నిటారుగా లేస్తుంది. లోపల చార్జ్ పంప్ ఉంటే ఆ బాధ తక్కువ. డాక్_బోర్డు గారూ, మీ ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (చుట్ట మధ్య బిందువు) ఎన్ని వోల్ట్‌ల దగ్గర ఉంది?

డాక్_బోర్డు:
2.5 వోల్ట్‌లు. ఫై చిప్ కరెంట్ మోడ్ రకం, అంటే సెంటర్ ట్యాప్ నుంచి కరెంట్ లాగి సంకేతం పంపేది.

పాత_ల్యాబ్:
అయితే సంగతి మారింది, గిగాబిట్ కంటే ముందు 10 మెగాబిట్ గురించి ఆలోచించండి. 10బేస్-టి శిఖరం జత మధ్య 2.2 నుంచి 2.8 వోల్ట్‌లు. అంటే ఒక్కో లైను 2.5కు పైన ఇంకో 1.4 దాకా ఎక్కుతుంది. మొత్తం 3.9. మీ స్విచ్ సరఫరా 3.3. శిఖరాలు తెగిపోతాయి. 10 మెగాబిట్ ఎవరు వాడతారని అనకండి. ల్యాప్‌టాప్ నిద్రలో ఉండి నెట్‌వర్క్ పిలుపు కోసం ఎదురుచూసేటప్పుడు విద్యుత్తు ఆదా కోసం చాలా ఫై చిప్‌లు ఆ వేగానికే దిగుతాయి.

లేఅవుట్_బల్ల:
ఇది బలమైన మాట. అయినా ఇందులో రెండో చిప్ తప్పేముంది? రెండింటికీ సరఫరా ఒకటే కదా.

ఓమ్_లెక్క:
సరఫరా ఒకటే, కానీ లైను మీద అనుమతించే గరిష్ఠ వోల్టేజ్ ఒకటే కానక్కర్లేదు. సరఫరాను మించిన సంకేతాన్ని కూడా దాటించే చిప్‌లున్నాయి. ఆ వరుసను డేటాషీట్‌లో ముందు చదవాలి. తర్వాత ఫ్లాట్‌నెస్. అదీ 25 డిగ్రీల దగ్గరి సగటు అంకె కాదు, ఉష్ణోగ్రత పరిధి మొత్తానికీ ఇచ్చిన గరిష్ఠం. ఆ గడి ఖాళీగా ఉంటే నేనైతే ఆ చిప్ తీసుకోను.

పాత_ల్యాబ్:
రెండు నమూనాలూ తెప్పించి, ఫై చిప్‌ను టెస్ట్ మోడ్ 4లో (ట్రాన్స్‌మిటర్ వక్రీకరణ కొలిచేందుకు ప్రమాణంలో ఉన్న పరీక్ష) పెట్టి, బోర్డును వేడి చేసి, స్విచ్ దాటాక వక్రీకరణ కొలవండి. తర్వాత 10 మెగాబిట్‌లో శిఖరాలు చూడండి. 2.5 గిగాబిట్ మీ ప్రణాళికలో ఖాయంగా లేకపోతే 1.5 గిగాహెర్ట్జ్ కోసం 4 ఓమ్‌లను వదులుకోవద్దు.