అప్‌డేట్: చీలమండ బెణికి నెలలైనా వాపు తగ్గట్లేదని అడిగాను కదా

కావలిలో మెట్లు దిగుతుంటే పాదం లోపలికి మడత పడింది, ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు, అయినా సాయంత్రానికి వాపు వస్తూనే ఉందని అప్పుడు అడిగాను. ఇప్పుడు చాలా నయం.

పుత్తూరు కట్టు (ఎముకలకి వేసే నాటు వైద్యం కట్టు) వేయిద్దామని మా అమ్మ పట్టుబట్టింది గానీ, మీరు చెప్పినట్టే నెల్లూరులో ఫిజియోథెరపిస్టుకి చూపించాను. బయటివైపు లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, కొంత చిరిగిందట, దానికి కండరానికి అందినంత రక్తం అందదు కాబట్టి నిదానంగా మానుతుందట, పైగా నొప్పి పోయినంత మాత్రాన సరిపోదు, పాదం ఎటు ఒరుగుతోందో పసిగట్టే శక్తి తిరిగి రాకపోతే అదే కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుందని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పుంటే ఇంత టెన్షన్ పడేదాన్ని కాదు.

గోడ పక్కన ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం, అలవాటయ్యాక మడత పెట్టిన దుప్పటి మీద నిలబడటం, ఇదే నాకు బాగా పనిచేసింది. రబ్బరు బ్యాండుతో పాదాన్ని బయటికి తిప్పడం, మడమలెత్తడం కూడా చేస్తున్నా. మైపాడు బీచ్ ఇసుకలో నడక మాత్రం ఇప్పుడే వద్దన్నారు.

కొత్తగా బెణికినవాళ్లు నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ముందు ఎక్స్‌రే తీయించుకోండి, మర్దన జోలికి వెళ్లకండి.