ముడ్డి దగ్గర పొడుచుకుంటున్న వనరాజా కోడిపిల్లలు, గాయాలకు ఏం చేయాలి?

పెరటికోళ్లు_ఏలూరు:
60 వనరాజా పిల్లలు, వయసు 16 రోజులు. 4 అడుగుల వెడల్పున్న రేకు వలయంలో ఊక మీద ఉన్నాయి. పైన రెండు 100 వాట్ల బల్బులు రాత్రీ పగలూ వెలుగుతున్నాయి. మేత స్టార్టర్ (చిన్న పిల్లలకు పెట్టే దాణా), నూకలు సగం సగం. నిన్నటి నుంచి తోక మొదట్లో ఈకలు పీక్కుంటున్నాయి. నాలుగింటికి ముడ్డి దగ్గర రక్తం, ఒకదానికి చర్మం ఊడింది. పసుపు రాసి గుంపులోనే వదిలితే మళ్లీ వాటినే వెతికి పొడుస్తున్నాయి. ముక్కులు కత్తిరించాలా?

కోడివైద్యం:
ముందు ఆ నాలుగింటినీ బయటికి తీయండి. ఎర్రగా ఏది కనిపించినా పొడవడం కోడి నైజం, గాయం కనబడుతున్నంతసేపు ఏ మందూ నిలవదు. నాలుగూ ఒకే అట్టపెట్టెలో, వెచ్చగా, నీళ్లూ మేతా అందేలా ఉంచండి. ఒంటరిగా పెడితే మేత ముట్టవు.

రక్తం కారుతుంటే శుభ్రమైన దూదితో రెండు మూడు నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. కొత్త ఈక గొట్టం విరిగి ఆగకుండా కారుతుంటే ఆ ఈకను మొదట్లో పట్టుకుని ఒక్క లాగుతో పీకేయండి, ఆగిపోతుంది. తర్వాత కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడగండి (లీటరుకు 9 గ్రాములు, అంటే రెండు టీస్పూన్ల లోపు). లేత టీ రంగు వచ్చేలా నీళ్లు కలిపిన పోవిడోన్ అయోడిన్ (గాయాలకు రాసే క్రిమినాశిని) అద్ది, ఆరాక వేపనూనెలో పసుపు కలిపి పలచగా రాయండి. ఆ చేదుకు మిగతావి ముక్కు పెట్టవు, ఈగలూ తక్కువ వాలతాయి. ఒళ్లంతా నూనె పూయొద్దు, నూగు తడిసి పిల్ల చలికి ముడుచుకుపోతుంది. గాయాన్ని రోజుకు రెండుసార్లు చూడండి, ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. మనుషులు వాడే మొద్దుబార్చే స్ప్రేలు వద్దు. పేగు బయటికొచ్చిన పిల్ల బతకడం కష్టం, వెంటనే పశువైద్యుడికి చూపించండి.

ఊక_తౌడు:
గాయాల సంగతి అలా ఉంచితే, మీ లెక్కలోనే కారణాలున్నాయి. 4 అడుగుల వలయమంటే పన్నెండున్నర చదరపు అడుగులు, పిల్లకు పావు అడుగు కూడా రాదు. ఈ వయసుకు అర అడుగు కావాలి. వలయాన్ని ఆరున్నర అడుగులకు పెంచండి.

మేత అంతకంటే పెద్ద తప్పు. స్టార్టర్‌లో మాంసకృత్తులు 20 శాతం, నూకల్లో 8. సగం సగం కలిపితే 14కి దిగిపోతుంది. సరిగ్గా ఈకలు మొలిచే వారాల్లో అది చాలదు, ఆ లోటుకే ఈకలు పీక్కుతింటాయి. నూకలు ఆపేయండి. మేత తొట్టి పిల్లకు 5 సెం.మీ. చొప్పున, అంటే 60కి 3 మీటర్లు. రెండు వైపులా తినే 75 సెం.మీ. తొట్లు రెండు చాలు.

మూడో వారంలో పిల్లల ఎత్తున 85 ఫారెన్‌హీట్ ఉంటే చాలు. పిల్లలు రేకుకు ఆనుకుని నోళ్లు తెరిచి ఉంటే వేడి ఎక్కువైనట్టు. పగలు బల్బులు ఆర్పండి. రాత్రి తెల్ల వెలుగు బదులు తక్కువ వాట్ల ఎర్ర బల్బు పెట్టండి, ఆ వెలుగులో రక్తం వేరుగా కనబడదు. తోటకూర కట్ట, మునగాకు రెమ్మ ముక్కుకు కాస్త పైకి వేలాడదీస్తే పొడిచే బుద్ధి వాటి మీదికి పోతుంది.

గోదారి_నాటుకోళ్లు:
నీళ్లలో ఉప్పు కలిపితే పొడవడం ఆగుతుంది, లీటరుకు ఒక చెంచా.

కోడివైద్యం:
అది వద్దండి. ఉప్పు తక్కువైతే పొడుచుకోవడం నిజమే గానీ, స్టార్టర్‌లో ఇప్పటికే ఉంటుంది. పిల్లల మూత్రపిండాలు అదనపు ఉప్పును బయటికి పంపలేవు, పొట్టలో నీరు చేరి చస్తాయి. సొంతంగా మేత కలిపేవాళ్లయితే కిలోకు 3 గ్రాములు సరిపోతుంది. ఎండుచేపల పొడి వేస్తే అందులోని ఉప్పూ లెక్కించాలి.

పెరటికోళ్లు_ఏలూరు:
నూకలు ఆపేశాం, వలయం పెంచుతున్నాం. ముక్కుల సంగతి? గాయపడ్డవాటిని ఎప్పుడు కలపాలి?

ఊక_తౌడు:
పెరట్లో తిరిగి ఏరుకుతినే కోళ్లకు ముక్కు కత్తిరిస్తే మేతే దొరకదు. ఓ పావుగంట కదలకుండా గమనిస్తే పొడిచేది ఒకటో రెండో తేలుతాయి, వాటిని తీసేస్తే సగం గొడవ పోతుంది. గాయం మీద పొక్కు రాలి, కింద చర్మం గులాబీ రంగు పోయాకే కలపండి. నాలుగింటినీ కలిపి, పొద్దుగూకే వేళ వదలండి. మొదటి రోజు మధ్యలో వల అడ్డుపెట్టి ఒకరినొకరు చూసుకోనిస్తే ఇంకా మేలు.