ఇరాన్‌కి ఒంటరిగా వెళ్ళొచ్చిన అక్కలెవరైనా ఉన్నారా?

టెహ్రాన్ నుంచి కాషాన్, ఇస్ఫహాన్, యజ్ద్ మీదుగా షిరాజ్ దాకా ఒక్కదాన్నే తిరిగి రావాలని నా కోరిక. పేరెత్తగానే "అక్కడికా? ఒక్కదానివా?" అంటున్నారు. అనేవాళ్ళలో ఆ దేశం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ప్రభుత్వం వేరు, జనం వేరు అని నా నమ్మకం. అలాగని కళ్ళు మూసుకుని బయల్దేరను, పరిస్థితి కుదుటపడ్డాకే టికెట్ కొంటాను.

తలకి స్కార్ఫ్ చట్టమని తెలుసు. వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు కాబట్టి డబ్బంతా నోట్లుగానే మోసుకెళ్ళాలి. నాకు ఎక్కువ భయం ఇదే. డాలర్లు ఎక్కడ దాచుకున్నారు, ఒక్కోసారి ఎంత మార్చుకున్నారు? పైగా నోటు మీద రియాల్, నోటి మాటకి తోమాన్. పది రియాళ్ళు ఒక తోమాన్. దుకాణదారు ఉత్త అంకె చెబితే ఏదనుకోవాలి?

టెహ్రాన్ మెట్రోలో ఆడవాళ్ళకి విడిగా పెట్టెలున్నాయి, సరే. రాత్రి రైల్లో ఆడవాళ్ళ కంపార్ట్‌మెంట్ తేలిగ్గా దొరికిందా?

టాక్సీ అతను "డబ్బులొద్దండీ" అంటే అది తారోఫ్ అనే మర్యాద, ఇచ్చి తీరాలని చదివాను. మరి ఎవరైనా భోజనానికి ఇంటికి పిలిస్తే? మాటవరసకి పిలిచారో, మనసారా పిలిచారో మీరెలా కనిపెట్టారు? దయచేసి వెళ్ళొచ్చినవాళ్ళే చెప్పండి.