కరివేపాకు కుండీకి నత్రజని ఇంట్లోని వేటి నుంచి అందుతుంది?

మేడ మీద కుండీలో కరివేపాకు మొక్క ఉంది. రెండు వారాలుగా కింది రెమ్మల ఆకులు పసుపు పచ్చగా మారి, వేలు తగిలితే చాలు రాలిపోతున్నాయి. పై చిగుళ్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ముదురు ఆకుల్లోని నత్రజనిని మొక్క చిగుళ్లకు తరలిస్తుంది కాబట్టి, ఇది నత్రజని లోపమే అనుకుంటున్నాను. చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే అయినా నా మొక్కకు అది అక్కరకు రావడం లేదు!

యూరియాలో 46 శాతం ఉంటుందని తెలుసు. కానీ కిందటేడు ఒక చెంచా ఎక్కువ వేసి బంతి మొక్కను మాడ్చేశాను. మళ్లీ ఆ జోలికి పోను. మాంసకృత్తులు ఉన్నచోటల్లా నత్రజని ఉంటుంది కదా అని ఇల్లంతా వెతికితే పురుగు పట్టిన కందిపప్పు, వేరుశనగ చెక్క, చివరికి దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు కూడా లెక్కలోకి వచ్చాయి.

వెంట్రుకలు అంత తేలిగ్గా కుళ్లవు. మట్టిలో పాతితే మొక్కకు ఎన్ని నెలలకు అందుతుంది? వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లను ఎంత పలచన చేసి పోయాలి? పోసినప్పుడల్లా చీమలు బారులు తీరుతున్నాయి, వాటికేమిటి దారి? మా అత్తయ్య బియ్యం కడిగిన నీళ్లే చాలంటారు, నాకు నమ్మకం లేదు. ఇంకో ఆలోచన: అదే కుండీలో నాలుగు పెసలు చల్లి, పూతకు రాగానే మట్టిలో కలిపేస్తే? పెసర వేళ్ల బుడిపెల్లోని రైజోబియం అనే బాక్టీరియా గాలి నుంచే నత్రజనిని పట్టి ఇస్తుంది కదా. అంత చిన్న కుండీలో అది కుదురుతుందా, లేక పెసర మొక్కలు కరివేపాకుకే పోటీ అవుతాయా?

స్వయంగా చేసి చూసినవారు దయచేసి చెప్పండి.