‘కమిటెడ్’ అంటే కనీసమా, హామీనా, నికరమా?

ఫ్రేమ్ రిలే లైన్ల (ఒకప్పుడు ఆఫీసులను కలిపిన డేటా లైన్లు) మీద పాత సాంకేతిక పత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘కమిటెడ్ ఇన్ఫర్మేషన్ రేట్’ దగ్గర ఆగిపోయాను. అందరూ సీఐఆర్ అనేస్తారు, నిజమే. కానీ ఇది ఆఫీసుకు లైను తీసుకునేవాళ్లు ఎంత సీఐఆర్ ఎంచుకోవాలో చెప్పే అధ్యాయం. ఆ మాటే తెలియకపోతే ఏం ఎంచుకుంటారు? ప్రస్తుతానికి ‘కనీస వేగం’ అని రాశాను. సరిపోతుందా?

—

సరిపోదండీ, పైగా తప్పుదోవ పట్టిస్తుంది. పోర్టు, అంటే మీ లైను నెట్‌వర్కులో కలిసే చోటు, వేగం సెకనుకు 128 కిలోబిట్లు, సీఐఆర్ 64 అనుకోండి. లైనులో బిట్లు ఎప్పుడూ 128 వేగంతోనే పోతాయి, 64తో నడవడమంటూ ఉండదు. నెట్‌వర్కు చూసేది ఒక చిన్న గడువులో మీరు ఎన్ని బిట్లు పంపారని. గడువు ఒక సెకను అయితే మొదటి 64,000 బిట్లు మీకు రాసిచ్చిన వాటా. ఆగకుండా పంపితే అది అర సెకనులో అయిపోతుంది. ఆ తర్వాత పంపిన ఫ్రేములకు, అంటే డేటా మూటలకు, ‘డిస్కార్డ్ ఎలిజిబుల్’ (పారేయొచ్చు) అని ఒక్క బిట్టు గుర్తు పడుతుంది. దారి ఖాళీగా ఉంటే అవీ చేరతాయి. రద్దీ అయితే ముందు పారేసేది వాటినే.

—

పోనీ ‘హామీ రేటు’ అందామా?

—

హామీకి ఎన్నికల వాసన పట్టేసింది మాస్టారూ! నా ఓటు ‘నికర’కి. నీటి పంపకాల వార్తల్లో నికర జలాలు, మిగులు జలాలు అని చదువుతూనే ఉన్నాం కదా. నికర జలాలంటే ఏటా తప్పకుండా వచ్చే నీళ్లని కాదు, 75 శాతం విశ్వసనీయతతో లెక్కగట్టినవి. సీఐఆర్ కూడా అంతే. మామూలు పరిస్థితుల్లో ఇస్తామన్న మాటే తప్ప ఏం జరిగినా ఇస్తామని కాదు. సీఐఆర్ దాటి పంపేది మిగులు.

—

నికర ఆదాయం అంటే ఖర్చులు పోను మిగిలింది. చదివేవాళ్లు హెడర్లు (ఫ్రేము మీది చిరునామా వగైరా) తీసేసిన డేటా అనుకోరూ?

—

అనుకుంటారు. అందుకే రేటు వద్దు, ‘నికర వాటా’ అనండి.

ఎంపిక మాటకొస్తే, నెల సగటు చూసి సీఐఆర్ పెట్టుకుంటే మునుగుతాం. పాత ఆఫీసులో మేం చేసింది అదే. రాత్రంతా ఖాళీగా ఉండే లైను సగటును కిందికి లాగేసింది, పొద్దున అందరూ ఒక్కసారి లాగిన్ అయ్యేసరికి స్క్రీన్లు కదల్లేదు. చూడాల్సింది రద్దీ గంట. ఫోన్ మాటలు నికర వాటాలో పట్టి తీరాలి, పోయిన ఫ్రేము మళ్లీ పంపినా సంభాషణకు పనికిరాదు. ఫైళ్లు మిగులు మీద వెళ్లినా పర్లేదు, పోయినవి మళ్లీ పంపుకుంటాయి. సున్నా సీఐఆర్ కూడా అమ్మేవాళ్లు, అంటే మొత్తం మిగులే.

ఇంకొకటి. పది బ్రాంచీలకు తలా 64 ఇచ్చి ప్రధాన ఆఫీసు పోర్టు 256 పెడితే, అన్నీ ఒకేసారి పంపిన రోజు ఆ పోర్టు దగ్గరే ఇరుక్కుంటాయి. కాగితం మీది 640 ఎందుకూ పనికిరాదు.

—

మార్చాను: ‘రద్దీలో ఆగకూడనిదంతా నికర వాటాలో పట్టాలి, ఆగినా ఫర్వాలేనిది మిగులులో పోవచ్చు.’ కాకపోతే ‘మిగులులో’ దగ్గర నాలుక తిరగడం లేదు. ‘మిగులు కింద’ అంటే బాగుంటుందేమో.