విస్తృత ప్రభావాన్ని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు పదాల జంటలు పాటించి తీరాలా?

అనువాదిని: "వరద పంటలపై ప్రభావం చూపింది" అన్న వాక్యాన్ని చాలామంది "షోడ్ ఎఫెక్ట్" అని ఇంగ్లీషులోకి మారుస్తున్నారు. తెలుగులో ప్రభావం చూపుతుంది గానీ, ఇంగ్లీషులో అక్కడ "హ్యావ్" అనే క్రియ రావాలి, వెంట "ఆన్" ఉండాలి. దూరగామి పరిణామాలు కూడా "ఫార్ రీచింగ్ కాన్సిక్వెన్సెస్" అవుతాయే తప్ప "లాంగ్ కాన్సిక్వెన్సెస్" కావు. ఈ జంటలు నేర్చుకోక తప్పదు.

పాత విద్యార్థి: వ్యాకరణదోషం లేని వాక్యాన్ని తప్పనడానికి ఆధారమేమిటి? "బ్రాడ్ కాన్సిక్వెన్సెస్" అని రాసినందుకు ఒక పరీక్షలో నాకు మార్కులు తగ్గించారు, కారణమడిగితే వినడానికి సహజంగా లేదన్నారు. ఎవరి చెవికి?

అనువాదిని: ఇది చెవికి సంబంధించినది కాదు, వాడుకకు సంబంధించినది. సుమారు 10 కోట్ల పదాలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే ఇంగ్లీషు వాడుక నమూనాల సేకరణలో ఏ పదం పక్కన ఏది తరచు వస్తుందో వెతికి చూడవచ్చు. తెలుగులో "గాలి కురిసింది" అని రాస్తే వ్యాకరణం అడ్డుపడదు, అయినా చదివేవారు అక్కడే ఆగిపోతారు.

నిత్యపాఠకుడు: "నాక్ ఆన్ ఎఫెక్ట్" (ఒకదాని ఫలితం మరొకదాని మీద పడడం) అన్న మాట బ్రిటిష్ వారి వాడుకలోనే ఎక్కువ కాబట్టి, ఏది సహజమన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది.

పాత విద్యార్థి: అదే నా ప్రశ్న. నా "బ్రాడ్" సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

అనువాదిని: చెబుతాను. "వైడ్‌స్ప్రెడ్ డ్యామేజ్" అంటే నష్టం చాలా చోట్ల జరిగిందని; "ప్రొఫౌండ్ ఎఫెక్ట్" ఒక్క మనిషి మీదైనా ఉండవచ్చు, ఎందుకంటే అది లోతును చెబుతుంది; "ఫార్ రీచింగ్" అన్నప్పుడు సంఘటన జరిగిన చోటుకూ కాలానికీ ఆవల దాని ఫలితం ఎంత దూరం పోయిందన్నది ముఖ్యం. మీ మాటలో ఈ తేడాలేవీ కనిపించవు.

పాత విద్యార్థి: మీరూ ఆ పరీక్షకుల్లాగే మాట్లాడుతున్నారు! నా వాక్యం మీకు అర్థమైందా, కాలేదా?

అనువాదిని: అర్థమైంది. కానీ నివేదికలు దిద్దడం నా పని, "వైడ్‌స్ప్రెడ్" ఉండవలసిన చోట "ప్రొఫౌండ్" ఉంటే నష్టం ఎలాంటిదో పాఠకుడు పొరబడతాడు. దాన్ని నేను వదిలిపెట్టలేను.

పాత విద్యార్థి: దిద్దండి, నేర్పండి, నాకు అభ్యంతరం లేదు. పరభాషలో ఇంకా అలవాటు కాని మాటను నేరంగా లెక్కగట్టి మార్కులు కోయడమే నాకు నచ్చనిది.

అనువాదిని: అర్థం చెడనప్పుడు కోయకూడదని నేనూ ఒప్పుకుంటాను. చెడినప్పుడు మాత్రం కోయవలసిందే.

పాత విద్యార్థి: నా "బ్రాడ్" అర్థాన్ని చెడగొట్టిందా?

అనువాదిని: చెడగొట్టలేదు, తేల్చి చెప్పలేదు.