కర్రీ పాయింట్ కూర తెచ్చుకుంటే బద్ధకమేనా?

మియాపూర్ ప్రయాణికురాలు:
రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మియాపూర్‌లో దిగేసరికి ఏడున్నర దాటుతుంది. ఇంటికెళ్లి కుక్కర్ పెడతాను. కూర మాత్రం సందు చివర కర్రీ పాయింట్‌దే. మూడేళ్లుగా ఇదే పద్ధతి. మొన్న తెనాలి నుంచి మామయ్యగారు వచ్చారు. కూర కవరుకున్న రబ్బరు బ్యాండు విప్పి, వేలికి చుట్టుకుంటూ, "అన్నం వండుకునేవాళ్లకి కూర బరువైందా అమ్మా?" అన్నారు. కోపంగా కూడా కాదు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. చెప్పండి, ఇది బద్ధకమేనా?

పాత నల్లకుంట:
బద్ధకమే. మొహమాటం లేకుండా చెబుతున్నా. బయటి కూర నూనె గిన్నెకి అంటుకుంటే సబ్బుకి కూడా వదలదు. రాత్రే కూరగాయలు తరిగి డబ్బాలో పెట్టుకుంటే పావుగంట పని. మా ఆవిడ ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేస్తూ రెండు పూటలా వండింది.

ఘాటు తాలింపు:
పావుగంట అన్న పెద్దమనిషి ఎప్పుడైనా గోరుచిక్కుడు నార తీశారా? కష్టం ఆవిడది, గర్వం మీదీనా?
జాతీయ గణాంక కార్యాలయం 2019లో జనం రోజంతా ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో సర్వే చేసింది. ఇంటిపనిలో చెయ్యి పెట్టిన ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లకు 97. 2024లో మళ్లీ లెక్క తీస్తే 289, 88. ఆడవాళ్లకు పది తగ్గాయని సంతోషపడేలోపు మగవాళ్లూ తొమ్మిది తగ్గించుకున్నారు. అసలు చెయ్యే పెట్టని మగవాళ్లు ఈ సగటులోకి రానేరారు.
ఇంతకీ మీ పోస్టులో మామయ్యగారున్నారు, రబ్బరు బ్యాండు ఉంది. మీ ఆయన ఏరీ?

చింతల్ పోరడు:
నేను గూడ మూడేండ్లు కర్రీ పాయింట్ మీదనే బతికిన. తప్పేం లేదక్కా. కని ఒకటి జెప్త. మా అమ్మ నల్లగొండ నుంచి ఫోన్ జేసి "ఏం వండినవ్ బిడ్డా" అంటది. కొనుక్కొచ్చిన అంటే ఏమనది, ఊకుంటది. ఆ ఊకునుడే నాకు తిట్టు లెక్క. అందుకే ఐతారం పచ్చిపులుసు జేస్కుంట. చింతపండు పిసకాలె, ఉల్లిగడ్డ కొయ్యాలె, పచ్చిమిర్చి కాల్చాలె, అంతే. పది నిమిషాల పని. అమ్మకు అబద్ధం జెప్పే బాధ ఉండది.

కేబీఆర్ పార్కు నడక:
పతంజలి ఆసనానికి చెప్పిన లక్షణం చిన్నదే: "స్థిరసుఖమాసనమ్". వెంటనే వచ్చే సూత్రంలో ప్రయత్న శైథిల్యం అన్నాడు, అంటే బిగపట్టిన ప్రయత్నాన్ని సడలించడం. ప్రయత్నమే లేనివాడికి సడలించడానికేముంది? ఈ అమ్మాయి రోజంతా బిగపట్టి వచ్చింది. కూర దగ్గర కాస్త వదిలేసింది.

పాత నల్లకుంట:
పతంజలిని కర్రీ పాయింట్ దాకా లాక్కొచ్చారా! బాగుంది. గోరుచిక్కుడు నార నేనెప్పుడూ తియ్యలేదు, ఒప్పుకుంటాను. నూనె మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గరిటె చేతిలో:
ఎవరూ అడగలేదు గానీ, మాది కర్రీ పాయింటే. మియాపూర్ కాదు లెండి. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాం. నేను, మా అక్క, కూరగాయలు తరగడానికి ఇంకొకామె. నూనె సంగతి నిజమే. వేపుడులో తగ్గిస్తే సాయంత్రానికి ముద్దయిపోతుంది, ఎవరూ తీసుకోరు. పప్పుకి, పులుసుకి అంత పట్టదు, అవి తీసుకోండి. తొమ్మిదింటికి వచ్చి గుత్తివంకాయ లేదా అని మొహం ముడుచుకోకండి. ఇంకోటి, మరుగుతున్న సాంబారు కవర్లో పోయమంటారు. పోసి, కవరు మెడ మెలిపెట్టి, బ్యాండు వేసేటప్పుడు కాలేది మా వేళ్లు. స్టీలు క్యారేజీ తెచ్చుకుంటే ఓ గరిటె ఎక్కువే వేస్తాం. మా ఇంట్లో రాత్రికి ఏం తింటామంటారా? మిగిలిన కూర. మిగలకపోతే ఆవకాయ, పెరుగు. మాకూ రాత్రిపూట పొయ్యి వెలిగించే ఓపిక ఉండదు.

మియాపూర్ ప్రయాణికురాలు:
మా ఆయన ఏరీ అని అడిగారుగా. కర్రీ పాయింట్‌కి వెళ్లి తెచ్చేది ఆయనే. "వంట సగం నేనే చూసుకుంటా" అని ఆఫీసులో చెప్పుకుంటారట.
ఈ చర్చంతా మామయ్యగారికి చదివి వినిపించాను, మగవాళ్ల లెక్కలున్న చోటు కాస్త గబగబా. నిన్న క్యారేజీ పట్టుకుని ఆయనే వెళ్లి దోసకాయ పప్పు తెచ్చారు. ఉప్పు తక్కువైందన్నారు, రెండోసారి వేసుకున్నారు. ఇవాళ రైతుబజారు నుంచి గోరుచిక్కుడు తెచ్చి, నార తానే తీస్తానని పేపరు పరుచుకుని కూర్చున్నారు. కిలో తెచ్చారు. గంటైంది, ఇంకా సగం అలాగే ఉంది.